రమ్ము గ్లాసు, ఇప్పసారా కుండ

పట్నాల్లో ఇప్పుడు ఇంట్లోనే కాక్‌టెయిల్ కలుపుకోవడం ఒక ముచ్చట అయింది. మాలో కొందరం చదువుల కోసం, ఉద్యోగాల కోసం హైదరాబాదు, విశాఖపట్నం చేరినవాళ్లం. స్నేహితుల ఇళ్లలో ఆ ముచ్చట చూశాం. రుచి చూసినవాళ్లమూ ఉన్నాం. చేసే పద్ధతి కష్టమేమీ కాదు. బొటనవేలంత అల్లం ముక్క చెక్కు తీసి దంచాలి. గుప్పెడు బెల్లం గ్లాసెడు నీళ్లలో కరిగించి, అందులో దంచిన అల్లం వేసి, సన్నసెగ మీద పది నిమిషాలు మరిగించి వడగట్టాలి. చల్లారాక పెద్ద గ్లాసులో మంచుముక్కలు వేసి, 60 మిల్లీలీటర్ల నల్లరమ్ము పోసి, రెండు మూడు చెంచాల అల్లం పాకం, అరచెక్క నిమ్మరసం కలిపి, పైన సోడా నింపాలి. అల్లం ఘాటు, బెల్లం తీపి, రమ్ము వాసన ఒకదానికొకటి బాగా కుదురుతాయి. నిజానికి అవి కుదరడంలో ఆశ్చర్యం లేదు. రమ్ము పుట్టిందే చెరకు నుంచి, బెల్లం దానికి తోబుట్టువు.

రమ్ము సీసాకు దుకాణం బిల్లు ఉంటుంది. కలిపే ఇంటి తలుపు ఎవరూ తట్టరు. అదే రోజున కొండ పక్క గూడెంలో పొయ్యి మీదికి రెండు కుండలు ఎక్కితే ఎక్సైజ్ వాళ్ల జీపు వస్తుంది. కుండలు పగులుతాయి, ఊట నేలపాలవుతుంది, ఇంటి ఆడమనిషి పేరు కాగితం మీదికి ఎక్కుతుంది. ఆమెను తహసీల్దారు ముందు నిలబెట్టి బైండోవర్ చేస్తారు. రెండోసారి దొరికితే జైలు. ఈ తేడా ఎలా వచ్చిందో తెలియాలంటే ముందు ఆ గ్లాసులోని రమ్ము, అల్లం ఎక్కడెక్కడ తిరిగి వచ్చాయో చూడాలి. తాగడం మంచిదా చెడ్డదా అనే ప్రశ్న వేరే ఉంది. దాన్ని మేము దాటవేయం, దాని దగ్గరికీ వస్తాం.

చెరకు ఆసియా పంట. దాన్ని సముద్రాలు దాటించి కరీబియన్ దీవులకు తీసుకెళ్లింది ఐరోపావాళ్లు. ఇంగ్లీషువాళ్లు 1627లో బార్బడోస్ దీవిలో స్థిరపడడానికి దిగేసరికి అక్కడి మొదటి జనం మిగల్లేదు. స్పెయిన్‌వాళ్ల బానిస వేట అప్పటికే ఆ చుట్టుపక్కల దీవులను ఊడ్చేసింది. కొద్ది దశాబ్దాల్లో ఆ దీవి అంతా చెరకుతోట అయిపోయింది. తోటలో పని చేసింది ఆఫ్రికా నుంచి గొలుసులతో తెచ్చిన మనుషులు. చెరకు రసం కాచి పంచదార తీశాక నల్లటి జిగట మడ్డి మిగులుతుంది. దాన్నే మొలాసిస్ అంటారు. మొదట్లో దానికి పెద్ద విలువ లేదు. దాన్ని నీళ్లలో పులియబెట్టి బట్టీ పెడితే ఘాటైన సారా దిగుతుందని తెలిశాక కథ మారింది. 1650ల నాటికే ఆ సారాకు అక్కడ 'దయ్యాన్ని చంపేది' అనే అర్థం వచ్చే పేరు ఉంది. రమ్ము అనే మాట కూడా ఆ దీవిలోనే పుట్టిందంటారు.

మొదట దాన్ని తాగింది తోటల్లో నలిగే బానిసలు, పేద తెల్ల కూలీలు. తర్వాత అది పెద్ద వ్యాపారం అయింది. మడ్డి ఓడలెక్కి ఉత్తర అమెరికా రేవులకు పోయేది. అక్కడ రమ్ము అయ్యేది. ఆ రమ్ము పీపాలు ఆఫ్రికా తీరానికి చేరి, వాటికి బదులుగా మళ్లీ మనుషులు ఓడలెక్కేవారు. బానిసలు నరికిన చెరకు మడ్డితోనే కొత్త బానిసలను కొన్నారన్నమాట. 1655లో ఇంగ్లీషువాళ్లు జమైకాను పట్టుకున్నాక వాళ్ల నౌకాదళంలో నావికులకు రోజువారీ రమ్ము ఇవ్వడం మొదలైంది. 1740లో వెర్నన్ అనే అడ్మిరల్ ఆ రమ్ములో నీళ్లు కలిపి ఇమ్మని ఆజ్ఞ వేశాడు. ఆ పంపకం 1970 జూలై 31 దాకా సాగింది. తాగుడు కూడదని మాకు పాఠం చెప్పిన ప్రభుత్వం తన సైనికులకు 300 ఏళ్లు చేతికి గ్లాసు అందించింది. ఈ మాట పక్కన పెట్టుకుని ముందుకు పోదాం.

అమెరికా ఆదివాసుల కథ మాకు ఇంకా దగ్గరగా తోస్తుంది. ఉన్ని తోళ్ల వ్యాపారులు వాళ్ల ఊళ్లకు రమ్ము పీపాలతో వచ్చేవారు. తాగించి తోళ్లు పట్టుకుపోయేవారు, తాగించి భూమి ఒప్పందాల మీద గుర్తులు వేయించేవారు. ఆ తెగల పెద్దలే ఈ రమ్మును మా ఊళ్లకు రానివ్వకండి అని వలస పాలకులకు ఎన్నోసార్లు మొర పెట్టుకున్నారు. తర్వాత అమెరికా ప్రభుత్వం చేసిన చట్టాలు వింతగా ఉంటాయి. 1832లో ఆదివాసీ ప్రాంతాల్లోకి సారా రాకూడదన్నారు. 1834లో అక్కడ సారాబట్టీ పెడితే వెయ్యి డాలర్ల జరిమానా అన్నారు. తాగడం, అమ్మడం మీద నిషేధం 1953లో పోయింది. బట్టీ పెట్టకూడదన్న నిబంధన మాత్రం 2018 డిసెంబరు దాకా పుస్తకంలోనే ఉంది. వాషింగ్టన్ రాష్ట్రంలోని చెహాలిస్ తెగవారు తమ భూమిలో తామే డిస్టిలరీ పెట్టుకుంటామని పట్టుబడితే అప్పుడు తీసేశారు. అంటే 65 ఏళ్లు వాళ్లు ఇతరులు చేసింది కొని తాగవచ్చు, తాము చేసుకోకూడదు.

అల్లం కూడా మన వైపు నుంచి పోయిందే. 16వ శతాబ్దంలో స్పెయిన్‌వాళ్లు దాన్ని కరీబియన్ దీవుల్లో నాటారు. జమైకా అల్లం ఐరోపా సంతల్లో పేరు తెచ్చుకుంది. అల్లం, పంచదార, నీళ్లు కలిపి పులియబెట్టిన జింజర్ బీరు 18వ శతాబ్దంలో ఇంగ్లండు ఇళ్లలో మామూలు పానీయం. దాన్ని ఆడవాళ్లు ఇంట్లోనే చేసేవారు. బెర్ముడా దీవిలో నావికులు జింజర్ బీరులో అక్కడి నల్లరమ్ము కలుపుకుని తాగడం అలవాటు చేసుకున్నారు. తుఫాను పేరు పెట్టుకున్న ఆ పానీయమే ఇప్పుడు పట్నం ఇళ్లలో కలిపే గ్లాసుకు పెద్దక్క. ఆ పేరుకు ఒక రమ్ము కంపెనీ ట్రేడ్‌మార్క్ తీసుకుంది. వేరే రమ్ముతో చేసి అదే పేరుతో అమ్మితే నోటీసు వస్తుంది. నావికులు నోటితో పుట్టించిన పేరు కాగితం మీద కంపెనీ ఆస్తి అయింది.

మా పాడేరు, చింతపల్లి కొండల్లో అల్లం, పసుపు పండించేవాళ్లకు ఈ కథ కొత్తగా అనిపించదు. కావిళ్లలో సంతకు దించిన అల్లానికి ధర చెప్పేది ఎప్పుడూ కొనేవాడే. పంట చేతికి రాకముందే షావుకారు ఇచ్చిన అప్పు పంటను తినేసేది. మద్రాసు ప్రభుత్వం 1917లో ఏజెన్సీ వడ్డీ, భూబదిలీ చట్టం తేవలసి వచ్చిందంటే ఆ అప్పుల తీవ్రత అర్థమవుతుంది.

ఇక రమ్ము మన దేశంలో ఏం చేసిందో చూద్దాం. సీసాలో రమ్ముగా కంటే చట్టంగా అది మా గూడేలకు ముందు వచ్చింది. ఇంగ్లీషువాళ్లు పెట్టిన పంచదార మిల్లుల పక్కనే సారా డిస్టిలరీలు లేచాయి. మడ్డి పారబోస్తే నష్టం, బట్టీ పెడితే లాభం. గంజాం జిల్లా అస్కాలో 19వ శతాబ్దంలో మించిన్ అనే ఇంగ్లీషువాడు నడిపిన పంచదార మిల్లు అలాంటిదే. అలాంటి మిల్లుల సారా అమ్ముడుపోవాలంటే ఊరూరా ఇళ్లలో దిగే సారా ఆగాలి. ప్రభుత్వానికీ అదే కావాలి. వెయ్యి పొయ్యిల దగ్గర పన్ను వసూలు చేయడం కష్టం, ఒక డిస్టిలరీ గేటు దగ్గర గాలనుకు ఇంత అని తీసుకోవడం సులువు. 1886 మద్రాసు అబ్కారీ చట్టం వెనక ఉన్న లెక్క ఇదే. డిస్టిలరీ ఒక కంపెనీకి, దుకాణాలు వేలంపాటలో పాటదారులకు. అబ్కారీ ఆదాయం పెరుగుతూ పోయి మద్రాసు ప్రభుత్వానికి భూమిశిస్తు తర్వాత పెద్ద రాబడిగా నిలిచింది. జనం ఆరోగ్యం మాట చట్టం ముందుమాటల్లో ఎంత ఉన్నా, లెక్కల పుస్తకాల్లో కనిపించేది రాబడే.

ఆ చట్టానికి ముందే మా కొండల్లో నెత్తురు పారింది. రంప తిరుగుబాటు అంటే చాలామందికి 1922 నాటి అల్లూరి సీతారామరాజు పోరాటమే గుర్తుకొస్తుంది. 1879 నాటి రంప తిరుగుబాటును బడి పుస్తకాలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి. దానికి దగ్గరి కారణం కల్లు.

రంప కొండల్లో జీలుగు చెట్టు ఒక ఇంటి ఆస్తి లాంటిది. ఎండాకాలం తిండిగింజలు అడుగంటినప్పుడు జీలుగు కల్లు కడుపు నింపేది. కొండరెడ్లు, కోయలు దాన్ని తాగుడుగా కంటే ఆహారంగా చూసేవారు. ఏ చెట్టు ఎవరిదో ఊళ్లో అందరికీ తెలుసు. ఆ ప్రాంతం మీద ఇంగ్లీషు ప్రభుత్వం ఒక మన్సబ్‌దారును నిలబెట్టింది. అతను ముఠాదారుల భూములు లాక్కున్నాడు, కల్లు మీద చిగురుపన్ను వేశాడు. దానిపైన ప్రభుత్వం కొత్త అబ్కారీ నిబంధనలు తెచ్చింది. ఇంటి వాడకానికి కూడా కల్లు గీయకూడదు, కల్లు రాబడిని పాటదారులకు ఇవ్వాలి. పాటదారులు మైదానం నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల వెనక పోలీసులు. తాత నాటిన చెట్టు ఎక్కడానికి పాటదారుకు పన్ను కట్టాలి, కట్టకపోతే పశువులు పోతాయి. దీనికితోడు మైదానం వ్యాపారులు కొండవాళ్లతో అర్థం కాని పత్రాల మీద వేలిముద్రలు వేయించుకుని, రాజమండ్రి కోర్టుల్లో ఏకపక్ష డిక్రీలు తెచ్చి, అయిదు రూపాయల అప్పుకు వంద రూపాయల ఆస్తి పట్టుకుపోయేవారు.

1879 మార్చిలో చోడవరం వైపు పోలీసుల మీద దాడులతో తిరుగుబాటు మొదలైంది. కారం తమ్మనదొర, అంబుల్ రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య నడిపించారు. చంద్రయ్య అడ్డతీగల పోలీసు స్టేషన్‌ను తగలబెట్టాడు. నిప్పు గొలుగొండ కొండలకు, భద్రాచలం వైపు రేకపల్లికి పాకింది. రేకపల్లిలో కల్లుతో పాటు పోడు మీద పెంచిన పన్ను కూడా కారణం. మద్రాసు పదాతి పటాలాలు, గుర్రపు దళం, హైదరాబాదు నుంచి సైనికులు దిగారు. ఇంత సైన్యం దిగినా అణచడానికి ఏడాదికి పైనే పట్టింది. చంద్రయ్య 1880 ఫిబ్రవరిలో చనిపోయాడు, తమ్మనదొరను అదే ఏడాది కాల్చి చంపారు. రెవెన్యూ బోర్డు సభ్యుడు సలివన్ విచారణ చేసి మన్సబ్‌దారు దౌర్జన్యాలను, అబ్కారీ నిబంధనలను కారణాలుగా చూపాడు. మన్సబ్‌దారీ రద్దయింది. ముఠాదారులకు ప్రభుత్వం నేరుగా సనదులు ఇచ్చింది.

'కల్లు కోసం కొట్లాడారా' అని నవ్వేవాళ్లను మేము చూశాం. ఉప్పు కోసం సముద్రం దాకా నడిస్తే చరిత్ర అయింది కదా. ఇంటి వాడకం అనే మాటను చట్టంలోంచి చెరిపేయడం ఎంత పెద్ద విషయమో రంప మనుషులకు 1930 కంటే 50 ఏళ్ల ముందే తెలుసు.

బొంబాయి ప్రభుత్వం ఇంకో అడుగు వేసింది. 1892లో ఇప్పపువ్వు మీదనే చట్టం చేసింది. ఠాణా, కొలాబా జిల్లాల్లో పువ్వును ఏరి దాచుకోవడం కూడా నియంత్రణ కిందికి వచ్చింది. పువ్వు తిండి అని అక్కడి ఆదివాసులు చెప్పిన మాట ఎవరూ వినలేదు.

ఇప్పపువ్వు గురించి తెలియని పాఠకుల కోసం కొంచెం వివరంగా చెప్పాలి. ఫాల్గుణం, చైత్రం నెలల్లో ఇప్పచెట్టు ఆకు రాల్చి పూస్తుంది. పువ్వు రాత్రి పూట విచ్చుకుని తెల్లవారుజామున రాలుతుంది. లేత పసుపు రంగులో, కండ ఉన్న చిన్న గింజలా ఉంటుంది. దాని నిండా తీపి. కోడి కూసే వేళకే ఆడవాళ్లు, పిల్లలు గంపలతో చెట్టు కిందికి పోతారు. ఆలస్యం చేస్తే ఎలుగుబంటి ముందు వస్తుంది. అది కూడా ఈ పువ్వుకు మాలాగే ఆశ పడుతుంది. ఏరిన పువ్వును తడకల మీద ఎండబెడితే ఎండుద్రాక్షలా ముడుచుకుంటుంది. గాదెలో పోస్తే ఏడాది ఉంటుంది. వానాకాలం గింజలు లేనప్పుడు ఉడికించి తింటారు, చింతగింజలతో కలిపి వండుతారు, దంచి ముద్దలు చేస్తారు. పువ్వు అయిపోయాక కాయ, కాయలో గింజ, గింజలో నూనె. పెళ్లిలో, పుట్టుకలో, చావులో ఈ చెట్టు లేని పని మాకు లేదు. గోండులు, కోయలు దీన్ని నరకరు.

సారా కాచడం కూడా ఒక పద్ధతి ఉన్న పని. ఎండు పువ్వును కుండలో నీళ్లు పోసి నాలుగైదు రోజులు నానబెట్టాలి. చలికాలం అయితే ఇంకా రెండు రోజులు ఎక్కువ. కుండలోంచి సన్నగా బుడగల చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు నెమ్మదించినప్పుడు పువ్వు సిద్ధమని అర్థం. జింజర్ బీరు సీసాలో జరిగేదీ ఇదే, బార్బడోస్ పీపాలో జరిగిందీ ఇదే. తీపిని ఈస్ట్ తిని సారాగా మారుస్తుంది. తర్వాత ఆ కుండను పొయ్యి మీద పెట్టి, పైన ఇంకో కుండ బోర్లించినట్టు అమర్చి, అతుకుల దగ్గర తడిబట్ట, మట్టి మెత్తుతారు. ఆవిరి పైకి పోయి, చల్లటి నీళ్లు పోసిన గిన్నె అడుగును తాకి, చుక్కలై లోపలి గురిగిలోకి దిగుతుంది. కొన్ని చోట్ల వెదురు గొట్టం పెట్టి బయటి కుండలోకి దించుతారు. పైన నీళ్లు వేడెక్కితే మార్చాలి. ఎన్నిసార్లు నీళ్లు మార్చారో దాన్ని బట్టి సారా ఘాటు చెబుతారు. తక్కువ నీళ్లకు దించింది ఘాటు, ఎక్కువ నీళ్లకు దించింది పలచన. మంట ఎక్కువైతే మాడు వాసన, తక్కువైతే పుల్లదనం. మా నాయనమ్మల తరం మంటను చూడకుండా పొయ్యి శబ్దంతోనే చెప్పేవారు. మొదటి చుక్కలు తాగడానికి కావు. అవి నేలకు, పెద్దలకు. మొదటి దింపుడులో ఒంటికి చెడు చేసే ఆవిరులు ఎక్కువ ఉంటాయని రసాయన శాస్త్రం చెబుతుంది. మా పెద్దలు దాన్ని దేవరకు వదిలేసే ఆచారంగా నిలుపుకున్నారు.

ఇందులో పువ్వు, నీళ్లు తప్ప మూడోది లేదు. నల్లబెల్లం, పటిక వేసి కాచే గుడుంబా వేరు. అది సంత సరుకు. అందులో పువ్వు వాసన కూడా ఉండదు. ఎక్సైజ్ కాగితాల్లో రెండింటికీ పేరు ఒక్కటే, నాటుసారా. గుడుంబా అమ్మి మేడలు కట్టినవాడూ, ఇంట్లో పెద్దకర్మకు రెండు కుండలు కాచిన ముసలమ్మా ఒకే రకం ముద్దాయిలు అవుతున్నారు.

గోదావరికి ఇవతల నిజాం రాజ్యంలోనూ కథ పెద్ద తేడా లేదు. అబ్కారీ అక్కడా పెద్ద రాబడి. ఆదిలాబాద్ అడవుల్లోకి దారులు పడ్డాక సారా దుకాణం కూడా వచ్చింది. దుకాణంలో అప్పు పుట్టేది, అప్పుకు ఎద్దు పోయేది, తర్వాత చేను పోయేది. ఇంట్లో కాచుకునే రోజుల్లో పువ్వు ఉన్నంత వరకే తాగుడు. పండగ అయిపోతే కుండ బోర్లించేవారు. దుకాణం ఏడాది పొడుగునా తెరిచి ఉంటుంది. మా ఊళ్లలో తాగుడు ఒక రోగంగా మారడంలో ఈ తేడా పెద్దదని మేము అనుకుంటున్నాం. కొమురం భీము 1940లో జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చింది భూమి, అడవి, నీళ్ల మీద హక్కు కోసం. అడవి అంటే ఇప్పచెట్టు కూడా.

తాగుడు మాకు మేలు చేసిందని మేము అనడం లేదు. అల్లూరి సీతారామరాజే మన్యంలో మొదట చేసిన ప్రచారం తాగుడు మానమని, తగాదాలు ఊళ్లోనే తీర్చుకోమని. ఆయన మాట విని చాలామంది మానేశారు కూడా. మా ఇళ్లలో సాయంత్రం అయితే భయపడే ఆడవాళ్లు ఉన్నారు. తండ్రి తాగుడు వల్ల బడి మానిన పిల్లలం మాలోనే ఉన్నాం. 1980ల్లో ప్రభుత్వమే వారుణివాహిని పేరుతో సారా ప్యాకెట్లు ఊరూరికీ పంపింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడితే అది రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో సడలిపోయింది. ఖజానా ఖాళీ అయిందని కారణం చెప్పారు. 1886 నాటి లెక్కల పుస్తకం మళ్లీ తెరిచారన్నమాట. ఆ ఉద్యమంలో ఆడవాళ్లు అడిగింది దుకాణం మూయమని. నిషేధం సడలినప్పుడు దుకాణాలు తిరిగి తెరుచుకున్నాయి, ఊరి చివర బెల్టు షాపులు పుట్టాయి. ఇంటి కుండ మీద దాడులు మాత్రం ఆగలేదు. ఇప్పుడు మారుమూల గూడెంలో కూడా క్వార్టరు సీసా దొరుకుతుంది. అందులో రమ్ము కూడా ఉంటుంది.

ఇంకో విడ్డూరం ఉంది. గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టినప్పటి నుంచి అడవి సరుకు మా దగ్గర కొంటోంది. ఇప్పపువ్వు, ఇప్పగింజలు కూడా ఆ జాబితాలోవే. పువ్వు ఏరి డిపోకు తూకం వేస్తే మేము ఉత్పత్తిదారులం. అదే పువ్వు ఇంట్లో నానబెడితే నేరస్తులం. ఉట్నూరులో ఆదివాసీ ఆడవాళ్లు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు, వాటికి మంచి పేరు వచ్చింది. మాకు సంతోషమే. ఆ పువ్వు మంచిదేనని బయటివాళ్లకు తెలియడానికి లడ్డూ కావలసి వచ్చింది.

గోవాలో జీడిమామిడి పండ్లతో ఊళ్లలో కాచే ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు దొరికింది. తర్వాత ఆ రాష్ట్రం దాన్ని వారసత్వ పానీయంగా ప్రకటించుకుంది. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లలో ఆదివాసులు ఇంటి వాడకానికి ఇప్పసారా కాచుకోవడానికి మినహాయింపు ఉంది. మధ్యప్రదేశ్ 2022లో ఇప్పసారాను వారసత్వ మద్యం పేరుతో సీసాల్లో అమ్మే విధానం తెచ్చింది. దాన్ని చూసి మాలో కొందరు ఉత్సాహపడ్డారు. మిగతావాళ్లం అంత త్వరగా సంబరపడలేం. సీసా, లైసెన్సు, పన్ను, లేబులు వచ్చాక బట్టీ ఎవరి చేతిలో ఉంటుందో బార్బడోస్ నుంచి అస్కా దాకా చూశాం. బెర్ముడా పానీయం పేరు ఎవరి పాలైందో కూడా పైన చెప్పుకున్నాం.

మాకు కావలసిన దారి కాగితం మీద ఇప్పటికే ఉంది. ఆదివాసీ ఉపప్రణాళిక మొదలైన 1974-75 కాలంలోనే కేంద్రం ఒక విధానం చెప్పింది. ఆదివాసీ ప్రాంతాల్లో మద్యం వ్యాపారం ఆపాలి, వాళ్లు సంప్రదాయంగా ఇంటి వాడకానికి చేసుకునేదాన్ని నేరంగా చూడకూడదు, తాగుడు తగ్గించడం సామాజిక మార్పుతో జరగాలి. రాష్ట్రాల్లో జరిగింది దీనికి తలకిందులు. 1996 పెసా చట్టం ఇంకా స్పష్టంగా ఉంది. మత్తు పదార్థాల అమ్మకం, వాడకం మీద నిషేధం పెట్టే, నియంత్రించే, పరిమితం చేసే అధికారం గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీకి ఇవ్వాలని, చిన్న అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం కూడా వాటికే ఉండాలని రాసి ఉంది. ఈ రెండు మాటలూ ఒకే సెక్షన్‌లో పక్కపక్కనే ఉన్నాయి. పువ్వు మాది అయినప్పుడు, తాగుడు మీద మాట మాది అయినప్పుడు, మధ్యలో ఉన్న కుండ ఎవరిదో వేరే చెప్పాలా? ఆంధ్రప్రదేశ్ పెసా నియమాలు 2011లో వచ్చాయి. గ్రామసభ అడగకుండా గూడెంలోకి జీపు వస్తూనే ఉంది.

గ్రామసభకు ఈ అధికారం వస్తే అందరూ కాచుకోమని తీర్మానం చేస్తారని మైదానం మిత్రులు భయపడతారు. అలా జరుగుతుందని మేము అనుకోం. పూర్తిగా వద్దనే గూడేలు ఉంటాయి. అక్కడ ఎవరి కుండా ఉండకూడదు, బెల్టు షాపూ ఉండకూడదు. పండగకు, పెద్దకర్మకు, పెళ్లికి మాత్రమే అనే గూడేలు ఉంటాయి. అప్పుడు ఇంటికి ఎన్ని కుండలు, అమ్మకం ఉండాలా వద్దా, నల్లబెల్లం కలిపినవాడికి తప్పు ఎంత, తాగి కొట్టినవాడిని ఎవరు పిలిచి అడగాలి అన్నవి తేలాలి. ఆ సభలో మొదట ఆడవాళ్లను మాట్లాడనివ్వాలి. పువ్వు ఏరేది వాళ్లు, పొయ్యి దగ్గర కూర్చునేది వాళ్లు, జీపు ఎక్కేది కూడా వాళ్లే. తీర్మానం తెలుగులో రాసినా గోండిలో, కోయలో చదివి వినిపించాలి. ఫాల్గుణంలో పువ్వు రాలడం మొదలయ్యేలోపే ఈ సభలు పెట్టుకోవాలి. ఆ తర్వాత ఊరంతా చెట్ల కిందే ఉంటుంది, సభకు ఎవరూ రారు.